బండి ఇచ్చారు సరే, సీటో?

రికంబెంట్ సైకిలు అని ఒకటుంది. వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కాలి. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి ఆయన దాని మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఆ బండిని పోటీల్లోంచి గెంటేసింది. అది వేరే కథ. దాన్ని తొక్కేవాళ్ళు మాత్రం సీటు కుషన్ గురించి తెగ వాదించుకుంటారు. స్పాంజా, జాలీనా, ఎంత మందం, గాలాడుతుందా లేదా... ఇదేం పిచ్చి అనుకోకండి. మామూలు సైకిలు మీద నొప్పెడితే పెడల్ మీద ఒక్కసారి లేచి నిలబడతాం. దీని మీద ఆ వీలు లేదు.

మా ఆర్మూర్లో ఆ సైకిలు నేనైతే ఒక్కటీ చూళ్ళేదు. కానీ లేచి నిలబడే వీల్లేని బండి ఇంకోటుంది. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. పసుపు, ఎర్రజొన్న ట్రాక్టర్ల మధ్య దాన్ని తిప్పుకుంటూ వెళ్ళే మనిషికి అదే బండి, అదే కుర్చీ, ఒక్కోసారి అదే దుకాణం.

కేంద్రం 1981 నుంచి ఆడిప్ పథకం కింద వికలాంగులకి ఇలాంటి ఉపకరణాలు ఇస్తోంది. మంచి పనే. కానీ బండి చేతికొచ్చాక అందరూ చూసేది చక్రాలు, చెయినూ, బ్రేకూ. సీటు సంగతి ఎవరూ అడగరు. సాధారణంగా కనిపించేది పల్చటి స్పాంజి, పైన నల్ల రెక్సిన్. మే నెల ఎండలో కాసేపు ఆపితే పెనమే.

ఇది సుఖం గురించిన గొడవ కాదు. పోలియో వచ్చినవాళ్ళకి కాళ్ళు కదలకపోయినా స్పర్శ ఉంటుంది. నొప్పి పుడితే జరిగి కూర్చుంటారు. తాటిచెట్టు మీంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న గీత కార్మికుడికి ఆ కబురు కూడా అందకపోవచ్చు. కూర్చునే ఎముకల కింద రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది, పుండు పడుతుంది. అది ఎముక దాకా వెళ్తే ప్రాణం మీదకి వస్తుంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం చెట్టెక్కేవాళ్ళకి రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. సంతోషం. ఇప్పటికే పడిపోయినవాళ్ళ మాటేమిటి?

మెత్తగా ఉంటే చాలనుకుంటాం కదా, అక్కడే పొరపాటు. మరీ మెత్తటి స్పాంజి బరువుకి అణిగిపోయి, ఎముక పోయి చెక్కకి ఆనుతుంది. బూరుగు దూది మొదట్లో బాగుంటుంది, తర్వాత ఉండలు కడుతుంది. మనిషి కూర్చున్నాక కుషన్ కింద అరచెయ్యి పెట్టి చూడాలి. ఎముకకీ చేతికీ మధ్య కనీసం అంగుళం మెత్త మిగలాలి. మధ్యలో చిల్లున్న గుండ్రటి కుషన్ వద్దు, అంచుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. రెక్సిన్ బదులు గాలాడే గుడ్డ మేలు, విప్పి ఉతుక్కునేలా ఉండాలి. మందం పెంచితే మనిషి పైకి లేస్తాడు, పాదాలూ చేతిపిడీ అందుతున్నాయో లేదో మళ్ళీ చూసుకోవాలి.

స్పర్శ లేనివాళ్ళకి ఇంత మాత్రం చాలదు. కుషన్ ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. ఎంత మంచిదైనా పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి బరువు మార్చుకోవాలి. రోజూ అద్దంతో చర్మం ఎర్రబడిందేమో చూసుకోవాలి.

నా వాదన ఒక్కటే. కుషన్ బండికి అలంకారం కాదు, బండిలో భాగం. చక్రం లేకుండా బండి ఇవ్వం కదా! బండ్లు పంచే శిబిరంలోనే మనిషిని కూర్చోబెట్టి కొలత తీసుకోండి. ఊళ్ళో ఆటోలకీ ట్రాక్టర్లకీ సీట్లు కుట్టే పనివాళ్ళున్నారు. ఫిజియోథెరపిస్టు కొలత రాసిస్తే వాళ్ళు కుట్టివ్వగలరు. స్పాంజి అణిగిపోయాక మార్చుకోడానికి డబ్బులు కూడా ఆ పథకంలోనే పెట్టాలి.

సరదాకి తొక్కేవాళ్ళకే సీటు మీద అంత పట్టింపు ఉంటే, రోజంతా దాని మీదే బతికేవాళ్ళ కోసం మనం ఆ మాత్రం అడగలేమా?