కడుపు చెప్పేది వింటున్నారా?

కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయంటాం. పక్కవాడు బాగుపడితే కడుపు మండిందంటాం. దూరాన ఉన్న కొడుకు కబురు తెలియకపోతే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుందంటాం. మనసులో మాట చెప్పడానికీ మనకు కడుపే కావాలి! మరి ఆ కడుపు నిజంగానే ఏదో చెబుతున్నప్పుడు వింటున్నామా?

నిజానికి అది చెప్పేదాంట్లో మన దాకా వచ్చేది చాలా తక్కువ. జీర్ణాశయంలో నిమిషానికి మూడు చొప్పున విద్యుత్ తరంగాలు పుడుతూనే ఉంటాయి. మనకు తెలియదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి ఒక పెద్ద కదలిక మొదలై, చిన్నపేగు చివరిదాకా మిగిలిన తుక్కును ఊడ్చుకుంటూ పోతుంది. అప్పుడు లోపలి గాలి, నీరు కదిలి వచ్చే చప్పుడే 'గుర్రు గుర్రు'. పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. కడుపును మెదడుతో కలిపే వేగస్ నాడి పోగుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి పైకి కబురు మోసేవే. అంటే మెదడు పేగులకు చెప్పేది తక్కువ, వాటి నుంచి వినేది ఎక్కువ!

1912లో అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త దగ్గర వాష్‌బర్న్ అనే విద్యార్థి ఒక చిన్న బెలూన్‌ను మింగాడు. ఆకలి పోటు తెలిసినప్పుడల్లా మీట నొక్కాడు. జీర్ణాశయం బిగుసుకున్న సమయాలూ, మీట నొక్కిన సమయాలూ సరిపోయాయి. ఆకలంటే ఇదేనా? అంత సులువు కాదు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పేగుల కబురుకు మన ధ్యాస, అలవాటు, భయం కూడా తోడైతేనే 'నాకు ఆకలేస్తోంది' అన్న ఎరుక కలుగుతుంది. కాబట్టే అది మొద్దుబారగలదు, అతిగా పదునెక్కగలదు, పొరబడనూ గలదు.

మొద్దుబారడం ఎలాగంటారా? కామారెడ్డి జిల్లా దోమకొండ అనగానే గడికోట గుర్తొస్తుంది. 2022లో దాని పునరుద్ధరణకు యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. ఆ కోట చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద చూడండి. ఒళ్లో చేట, చేతిలో తునికాకు, పక్కన తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్కన. కాబట్టి లేచిన ప్రతిసారీ లెక్క తగ్గుతుంది. "తిన్నవా అక్కా?" అంటే "ఇగో, రెండు కట్టలైనంక తింట" అంటారు. ఆ రెండు కట్టలు అయ్యేసరికి ఆకలి చచ్చిపోతుంది. ఒక్కపొద్దు ఉండేవాళ్లకు ఈ సంగతి తెలుసు... ఆకలి అలలా లేస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. దానికితోడు తంబాకులోని నికోటిన్‌కు ఆకలిని అణిచే గుణముంది. ఆకలి చల్లారిందంటే ఒంటికి తిండి అవసరం తీరిందని కాదు.

దొడ్డికి పోయే విషయమూ అంతే. తిన్న తర్వాత పెద్దపేగు చురుగ్గా కదులుతుంది, కబురు పంపుతుంది. పని ఆగుతుందనో, చాటు లేదనో ఆపుకుంటే ఆ తొందర తగ్గిపోతుంది. లోపల మలంలోని నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. రోజూ ఇలా ఆపుకుంటుంటే కబురే సరిగా తెలియకుండా పోతుంది. మలబద్ధకానికి ఇదో దారి. బీడీలు చుట్టేవాళ్లే కాదు... బస్సు నడిపేవాళ్లు, బడిలో సరైన మరుగుదొడ్డి లేని ఆడపిల్లలూ ఈ దారినే పోతున్నారు.

ఇక అతిగా వినేవాళ్లు. పేగులో బెలూన్ ఉబ్బించి చేసిన పరీక్షల్లో, మామూలు వాళ్లలో చాలామందికి నొప్పి అనిపించని సాగుదలకే ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పి కలిగింది. 1973లోనే ఈ సంగతి బయటపడింది. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదని "అంతా నీ భ్రమ" అనకండి. ఆ నొప్పి నిజం. కాకపోతే భయం దాన్ని ఇంకా పెంచుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం పొరబడటం. చేతికి ముల్లు గుచ్చుకుంటే ఎక్కడో ఠక్కున చూపిస్తాం. లోపలి అవయవాలకు అంత కచ్చితమైన పటం లేదు. అపెండిసైటిస్ నొప్పి చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై, తర్వాత కుడివైపు కిందికి దిగుతుంది. గుండె నొప్పి కడుపు పైభాగంలో మంటలా అనిపించవచ్చు. "గ్యాసే, సోడా తాగితే పోతుంది" అని తెల్లారేదాకా కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

మరేం చేయాలి? ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగి 'ఇది ఆకలేనా, ఊసుపోకా?' అని చూసుకోండి. మెల్లగా తినండి. కడుపు నిండిన సంగతి తెలియడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. పొద్దున తిన్నాక కాసేపు మరుగుదొడ్డికి సమయం ఉంచుకోండి. ఇంట్లో బీడీలు చుట్టే అమ్మ ఉంటే, 'తిన్నవా' అని అడిగి ఊరుకోకుండా కంచంలో అన్నం పెట్టి ముందుంచండి.

మలంలో నెత్తురు, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, నిద్రలోంచి లేపే నొప్పి... వీటికి ఇంటి వైద్యం వద్దు, డాక్టర్ను కలవండి. ఛాతీలోనో, పొట్ట పైభాగంలోనో బిగపట్టినట్టుండి చెమటలు, ఆయాసం తోడైతే సోడా కోసం వెదకొద్దు. 108కి ఫోన్ చేయండి.