పాఠం బెండ తోటలో చెప్పాలి

బెండ కాపు మీదున్నప్పుడు రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కోత తప్పితే కాయ ముదిరిపోతుంది, మార్కెట్లో కొనేవాడుండడు. కాయతొలుచు పురుగుకు కొట్టే మందు డబ్బా మీదేమో పిచికారీ చేశాక ఇన్ని రోజులు కోయవద్దని రాసి ఉంటుంది. ఆ గడువు పాటిస్తే కోతలు పోతాయి. పాటించకపోతే మందు అవశేషం తినేవారి కంచంలోకి చేరుతుంది. అరెకరం, ఎకరం కూరగాయలు వేసే చిన్న రైతుకు సురక్షిత ఆహారం అనే సమస్య ఇలా ఎదురవుతుంది.

శిక్షణ శిబిరాల్లో చెప్పేది మాత్రం ‘గడువు పాటించండి, మోతాదు మించవద్దు’ అనే రెండు ముక్కలే. అందులో తప్పు లేదు, కానీ అది చాలదు. కోత కోసిన సాయంత్రమే పిచికారీ చేయడం, గడువు తక్కువున్న మందును ఎంచుకోవడం, కాపు మొదలయ్యాక గట్టి మందుల జోలికి పోకపోవడం, పుచ్చు కాయలు ఏరి పూడ్చడం, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు పెట్టడం. ఇవన్నీ తోటలో నిలబడి చూపించాల్సిన పనులు.

పురుగు కనబడగానే రైతు వెళ్లేది మందుల కొట్టుకే. ఆ డీలర్ల కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఏడాది డిప్లొమా కోర్సు ప్రారంభించింది. అది మంచిదే. అమ్మేవారికి ఏడాది చదువు అవసరమైనప్పుడు, పిచికారీ చేసే రైతుకు ఒక పూట ఉపన్యాసం సరిపోతుందా?

మన తప్పు కూడా మనం ఒప్పుకోవాలి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. పత్తి కోసం తెచ్చిన డబ్బా మిగిలితే ఆ తర్వాత కూడా వంగ మీద కొట్టినవారున్నారు. ఇంటికి మందు కొట్టని మడి వేరుగా ఉంచుకుని, మార్కెట్‌కు వేరే సరుకు పంపేవారూ మనలో ఉన్నారు. మన పిల్లలకు పెట్టనిది ఎదుటివారి పిల్లలకు అమ్మడం రైతు ధర్మం కాదు. పైగా ఆ విషం ముందుగా తగిలేది పంపు మోసే రైతుకే.

2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 18 రైతును, పొలం వద్ద ఉన్న పంటను చట్టం పరిధి నుంచి మినహాయించింది. ఆ మినహాయింపును మనం కాపాడుకోవాలి. అంతమాత్రాన నిర్లక్ష్యం కూడదు. చట్టం వదిలినా మార్కెట్ వదలదు. సరుకు మీద అనుమానం వస్తే ధర పడేది చిన్న రైతుకే.

అయితే శిక్షణ పేరుతో బాధ్యతంతా రైతు నెత్తిన వేస్తే మేం ఒప్పుకోం. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో ఆకుకూరలు పండించే రైతు ఆ నీటిని మురికి చేయలేదు. నగరం మురుగును శుద్ధి చేయకుండా వదిలి, కట్టలు మంచినీటితో కడగమని చెబితే ఆ నీరు ఎక్కడ తెస్తాడు? కోసేది, కడిగేది, కట్టలు కట్టేది ఎక్కువగా మహిళలే. వారికి పొలం దగ్గర మరుగుదొడ్డి, సబ్బు, నీళ్లు లేకుండా పరిశుభ్రత పాఠాలు చెప్పి ప్రయోజనం లేదు.

అందుకే మా డిమాండ్లు ఇవి. తెలంగాణలో రైతు వేదికలు, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. నాటు నుంచి ఆఖరు కోత దాకా వాటి ద్వారా పొలంలోనే విడతలుగా శిక్షణ ఇవ్వాలి. కౌలు రైతులను, కోత కూలీలను తప్పక పిలవాలి, ఆ రోజు కూలి చెల్లించాలి. గడువు వివరాలు పెద్ద తెలుగు అక్షరాల్లో డబ్బా మీద ఉండాలి. అవశేష పరీక్షలు ఉచితంగా చేసి, ఫలితం ముందుగా రైతుకే చెప్పాలి. రైతు బజార్లలో కడగడానికి మంచినీరు ఏర్పాటు చేయాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. ప్రతి గ్రామ శాఖ వచ్చే సమావేశాన్ని ఒక సభ్యుని కూరగాయల తోటలో జరపాలి. ఇంట్లో ఉన్న మందు డబ్బాలు తెచ్చి, వాటి మీద రాసింది అందరికీ చదివి వినిపించాలి. మొదటి పాఠం అక్కడ మొదలుపెడదాం.