రాత పనికి కూడా సప్లై కంపెనీలే



ఇంటి దగ్గర పిల్లలు లాప్‌టాప్ మీద పని చేస్తున్నరంటే, నీడ పట్టున కూసొని మంచిగనే సంపాదిస్తున్నరని మనం అనుకుంటున్నం. మా చెల్లె కొడుకు డిగ్రీ చేసి ఊర్లెనే కంటెంట్ రైటింగ్ చేస్తడు. బయటి దేశం వెబ్‌సైట్లకు ఇంగ్లీషుల వ్యాసాలు రాసుడు. రేటు పదానికి 20 పైసలు. 1000 పదాలకు 200 రూపాయలు. చదివి, రాసి, దిద్దేసరికి 5 గంటలు. గంటకు 40 రూపాయలు పడ్డట్టు.

అమెరికా కంపెనీ ఒక ఏజెన్సీకి ఇచ్చింది. అది ఢిల్లీల ఇంకొకనికి, వాడు హైదరాబాద్‌ల ఒకనికి, వాడు వాట్సాప్ గ్రూపుల మావానికి. పైన ఎంత ఇచ్చిండ్రో మావానికి తెల్వదు. అడిగితే గ్రూపుల నుంచి తీసేస్తరు.

ఇది మనకు కొత్తదా? మెయిన్ కాంట్రాక్టర్ కింద సబ్, సబ్ కింద లేబర్ సప్లై. మనం రోజూ చూస్తున్న కథనే. సాకులు కూడా అవే. ఇక్కడ "బిల్లు పాస్ కాలే", అక్కడ "క్లయింట్ పేమెంట్ రాలే". పని మాత్రం ఎవ్వరికీ ఆగదు.

ఖతర్‌ల 2021 మార్చి నుంచి కనీస మూలవేతనం 1000 రియాల్ అని చట్టం ఉన్నది. కంపెనీ తిండి పెట్టకుంటే 300, రూమ్ ఇయ్యకుంటే 500 అదనం. అది చాలదు, నాకూ తెల్సు. కానీ చూపెట్టి అడగనీకి ఒక కాయిదం ఉన్నది. ఇంట్ల కూసొని రాసేటోనికి ఏమున్నది? మన దేశం 2020ల చేసిన సామాజిక భద్రత కోడ్‌ల గిగ్ వర్కర్ అనే పేరైతే రాసిండ్రు గని, పదానికి ఇంత తగ్గొద్దు అని ఎక్కడా రాయలే.

న్యూయార్క్ నగరంల 2017 నుంచి ఒక చట్టం ఉన్నది. ఫ్రీలాన్స్ పని 800 డాలర్లు, ఆపైన అయితే ఒప్పందం రాసుకోవాలె. అండ్ల తారీఖు లేకుంటే పని అయిన 30 రోజుల్లోపు పైసలు ఇయ్యాలె. మంచి చట్టమే. కానీ నాలుగు చేతులు మారినంక పని దొరికిన మావాని పేరే ఆ కంపెనీకి తెల్వదు. ఎవరి మీద కేసు వేస్తడు? నడుమ ఇంతమందిని పెట్టేదే అందుకు.

"ఎక్స్‌పీరియెన్స్ వస్తది" అంటరు. ఎక్స్‌పీరియెన్స్ పెడితే దుకాణంల బియ్యం ఇస్తరా? "ఇప్పుడు ఏఐ రాస్తది, నువ్వు కాకుంటే ఇంకొకడు" అంటరు. మరి ఏఐ రాసింది దిద్దనీకి మళ్ల మావాన్నే ఎందుకు పిలుస్తున్నరు, అదీ సగం రేటుకు?

మీ ఇండ్లల్ల రాత పని చేసేటోళ్లు ఉంటే నాలుగు మాటలు చెప్పండి. రేటు, పైసలిచ్చే తారీఖు మెసేజ్‌ల రాయించుకోవాలె. శాంపుల్ పేరుమీద పూర్తి వ్యాసం ఉత్తగ రాయొద్దు. మొదటి పైసలు పడకుండ రెండో పని ముట్టొద్దు. పని ఇస్తమని డిపాజిట్ అడిగితే వాడు పనిచ్చేటోడు కాదు, దొంగ. గ్రూపుల ఉన్నోళ్లందరు ఒక రేటు అనుకొని, అంతకన్న కిందికి ఎవ్వరూ దిగొద్దు.

మన పిల్లలు ఇటు రావొద్దనే మనం ఎండల నిలబడి వాళ్లను చదివించినం. అక్కడ గంటకు 40 రూపాయలే అయితే, రేపు పాస్‌పోర్ట్ పట్టుకొని మన సైట్లకే వస్తరు. ఆలోచన చేయండి. మీ దగ్గర రేట్లు ఎట్లున్నయో కింద రాయండి.