కామాఠీపురా కొత్త మేడల్లో లెక్కకు వచ్చేదెవరు?

కామాఠీపురా అనగానే ముంబైకి ఒక్కటే గుర్తొస్తుంది. మనకు గుర్తు రావలసింది వేరు. కామాటి అంటే మన భాషలో పార పట్టి పనిచేసే కూలీ. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు ఆరాక, నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఇక్కడ స్థిరపడ్డారు. పేటకు వాళ్ల పేరే నిలిచింది.

తరువాత పడిన ముద్ర మాత్రం పేటవాళ్లు తెచ్చుకున్నది కాదు. తన సైనికులకు, నావికులకు సుఖవ్యాధులు సోకుతున్నాయని బ్రిటిష్ ప్రభుత్వం 1868లో అంటురోగాల చట్టం చేసింది. మగవాళ్లను వదిలేసి ఆడవాళ్ల పేర్లను రిజిస్టరులో ఎక్కించి, బలవంతంగా వైద్య పరీక్షలు చేయించింది. 1888లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. సంబంధాలు చూసేటప్పుడు ఇల్లెక్కడంటే ‘నాగ్‌పాడా’ అని చెప్పి తప్పించుకున్న కుటుంబాలు మనలో ఎన్ని లేవు!

ఇప్పుడు ఆ పేటే మారబోతోంది. సుమారు 34 ఎకరాల్లోని పాత చాళ్లను కూల్చి, సుమారు 8 వేల మంది కిరాయిదారులకు కొత్త ఇళ్లు కట్టే పథకాన్ని మ్హాడా చేపట్టింది. 2025లో టెండర్లూ పిలిచింది. మంచిదే. వానాకాలం వచ్చిందంటే పైకప్పు వంక చూస్తూ పడుకునే బతుకు ఎవరికి కావాలి? వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీల్లో ఉన్నవాళ్లకు 500 అడుగుల ఇళ్ల తాళాలు 2025 ఆగస్టు నుంచి అందడం చూశాక మనకూ ఆశ పుట్టింది.

కానీ బీడీడీ చాళ్లు సర్కారువి. ఇక్కడివి చాలావరకు ప్రైవేటు యజమానుల పగ్డీ చాళ్లు. ఇక్కడ ఇల్లు దక్కేది కాగితాన్ని బట్టి. తాత పేరున ఉన్న కిరాయి రసీదు మనవడి పేరుకు మారకపోతే, అన్నదమ్ములు ముగ్గురికీ కలిపి ఒకే ఖోలీ ఉంటే, తగాదా ఇంట్లోనే మొదలవుతుంది. ఇక ఖోలీలో పదిమంది కలిసి ఉండే కూలీలు, పడకకు రోజు కిరాయి కట్టే ఆడవాళ్లు ఏ రసీదులోనూ కనబడరు. నాడు సైన్యం కోసం రిజిస్టరులో బలవంతంగా ఎక్కించిన ఆడవాళ్ల పేర్లు, నేడు ఇళ్ల జాబితాలో లేకుండా పోతే అది న్యాయమా?

అందుకే మనం మూడు పనులు చేయాలి. మొదటిది, వారసుల పేర్ల మార్పిడి ఇప్పుడే పూర్తి చేసుకోవాలి. ఊళ్లో ఉన్న అన్నదమ్ములతో మాట్లాడి ఒప్పందం రాసుకోవాలి. రెండోది, తాత్కాలిక నివాసానికి కిరాయి ఎంత, ఎన్నాళ్లు ఇస్తారు, మేడల నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి ఖోలీ ఖాళీ చేయకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. మూడోది, కాగితం లేనివాళ్లకూ ఒక దారి చూపమని మన సంఘాలు అడగాలి.

చివరిగా పేరు మాట. ముద్ర చెరిపే నెపంతో రేపు పేటకు కొత్త పేరు పెడదామన్న మాట వస్తే మనం ఒప్పుకోకూడదు. సిగ్గుపడాల్సింది ఆ ముద్ర వేసినవాళ్లు. పేరు మాత్రం పార పట్టిన మన తాతలది.