మనసు విరిగిన బిడ్డకు పెళ్లి మందు కాదు

మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ఒక వైద్యం చాలాకాలంగా చెలామణిలో ఉంది. ఏ వైద్యగ్రంథంలోనూ దాని ప్రస్తావన లేదు, ఏ మందుల దుకాణంలోనూ అది దొరకదు. అయినా ప్రతి ఇంటి పెద్దకూ దాని మోతాదు తెలుసు. కొడుకో కూతురో ప్రేమించిన మనిషి దూరమై, అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటే చాలు, వారం తిరగకుండా చుట్టపుచూపుగా వచ్చిన ఎవరో ఒకరు ఆ చీటీ రాసేస్తారు: "ఏటీ లేదు, బేగి మనువు సేసీండి. అదే సక్కబడిపోద్ది."

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. ఈ మందు వికటించిన తరువాత రోగులు మా వార్డుకు వచ్చేవారు. కొత్త పసుపుతాడు ఆరకముందే స్పృహ లేని స్థితిలో వచ్చిన ఆడపిల్లలను చూశాను. పెళ్లయిన మూడో నెలకే తాగుడు మొదలుపెట్టి, ఏ పాపమూ ఎరుగని భార్యను కొట్టి తెచ్చిన యువకులనూ చూశాను. అందుచేత ఈ వైద్యం తప్పని, హానికరమని, కొన్ని ఇళ్లలో ప్రాణాంతకమని నిర్మొహమాటంగా చెప్పదలచాను. నొచ్చుకునేవారు నొచ్చుకోవచ్చు.

ప్రేమ చెడినవారి బాధను "వేషాలు" అని కొట్టిపారేసేవారికి ముందుగా కొంచెం శరీరధర్మ శాస్త్రం. 1990లో జపాన్ వైద్యులు ఒక విచిత్రమైన గుండెజబ్బును వర్ణించారు. తీవ్రమైన దుఃఖం లేదా భయం కలిగిన కొద్ది గంటల్లో రోగికి ఛాతీనొప్పి వస్తుంది. ఈసీజీ చూస్తే గుండెపోటనే అనిపిస్తుంది. రక్తనాళాల్లో మాత్రం అడ్డంకి ఉండదు. గుండె ఎడమ జఠరిక ఉబ్బి, ఆ దేశంలో ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలోకి మారుతుంది. ఆ కుండ పేరే జబ్బుకు పెట్టారు: టకోట్సుబో. ఇది ఎక్కువగా వయసు పైబడిన స్త్రీలలో కనిపిస్తుంది. తగిన వైద్యం అందితే చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. ఇక యువత విషయానికి వస్తే, 2011లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. ఇటీవలే ప్రేమ విఫలమైనవారికి ఆ విడిచిపోయిన మనిషి ఫోటో చూపించి మెదడును పరీక్షించారు. చేతికి వేడి తగిలి నొప్పి పుట్టినప్పుడు స్పందించే భాగాల్లో కొన్ని అప్పుడూ స్పందించాయి. ఇది నిజమైన నొప్పి. కాలు విరిగినవాణ్ణి లేచి గెంతమనడం ఎలాంటిదో, వీరిని వెంటనే పీటల మీద కూర్చోబెట్టడమూ అలాంటిదే.

తొందరలో దొరికే సంబంధం సాధారణంగా ఎక్కడో ఉండదు, మేనమామ ఇంట్లోనే ఉంటుంది. కట్నం పేచీ లేదు, గుట్టు బయటపడదు, "మన గుంటే కదా" అన్న ధీమా. దగ్గరి మేనరికంలో పుట్టే బిడ్డలకు పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు సుమారు రెట్టింపు అని ఇక్కడ డాక్టరుగా గుర్తుచేసి వదిలేస్తాను. అది వేరే వ్యాసం. నా అభ్యంతరం అంతకన్నా ముందున్నది. ఆ పెళ్లిలో రెండో మనిషి ఒకరుంటారు. ఆ అమ్మాయికో అబ్బాయికో ఏమీ చెప్పరు. ఇంకొకరి కోసం ఏడుస్తున్న మనిషి పక్కన జీవితాంతం పడుకోవలసిన వ్యక్తికి ఆ సంగతి తెలియనివ్వకపోవడాన్ని ఏ పేరుతో పిలవాలి? బలప్రయోగంతోనో మోసంతోనో సమ్మతి తీసుకుని జరిపిన పెళ్లిని రద్దుచేయించుకునే హక్కు హిందూ వివాహ చట్టం (1955) 12వ సెక్షన్‌లోనే ఉంది.

గురజాడ రాసిన పూర్ణమ్మ కథ చదివి కన్నీరు పెట్టుకున్న జిల్లాలు మనవి. పూర్ణమ్మకు తెచ్చిన పెళ్లికొడుకు ముసలివాడు. నేటి పెళ్లికొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పాతికేళ్ల ఇంజనీరు కావచ్చు. ఆ పిల్లను ఎవరూ అడగలేదన్న సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. నూరేళ్లకు పైగా ఆ కథను పిల్లలకు పాఠంగా చెబుతున్నాం. చెప్పిన పంతుళ్ల ఇళ్లలోనే ఇది జరగడం నాకు మింగుడుపడదు.

"పరువు మన సంప్రదాయం" అని నాతో వాదించేవారున్నారు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలోని సవర, జాతాపు కుటుంబాల్లో విడిపోవడానికీ, మళ్లీ మనువాడడానికీ పెద్దల సమక్షంలో ఏనాటి నుంచో దారి ఉంది. మైదానంలోనూ అనేక శ్రామిక కులాల్లో మారుమనువు తలవంపు కాదు. తలవంపు అనే జబ్బు మనకు చదువుతో, నెలజీతంతో, మేడతో పాటు సంక్రమించింది. దాన్ని తాతల నాటి ఆస్తిగా చూపించవద్దు.

పెళ్లి కుదరని చోట రెండో వైద్యం మొదలవుతుంది. గుంటడికి ఎవరో మందు పెట్టారని, చిల్లంగి చేశారని, గాలి సోకిందని. రక్షరేకు కట్టించుకుంటే నాకు పెద్ద పేచీ లేదు. దానివల్ల తల్లికి నాలుగు రాత్రులు నిద్రపడితే మంచిదే. కాని వేపమండలతో కొట్టడం, పస్తులుంచడం, గదిలో కట్టేయడం హింస. ఇక చిల్లంగి అనే మాట ఒకసారి నోరు జారితే అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ అనుమానంతో మనుషులను చంపిన ఉదంతాలు మన జిల్లాలకు కొత్త కాదు.

మగపిల్లల విషయంలో మన ధోరణి ఇంకో రకం. ఆడపిల్ల ఏడిస్తే గడియ వేస్తాం, మగపిల్లవాడు ఏడిస్తే సీసా అందిస్తాం. 1953 నాటి దేవదాసు నుంచి తాగుడుకు ఒక గౌరవం వచ్చింది. విశాఖ, భీమిలి తీరాన తీసిన మరో చరిత్ర (1978) చావుకే ఒక అందం తెచ్చింది. 2017లో వచ్చిన అర్జున్ రెడ్డిలో నాయకుడు మా వృత్తివాడే, తాగి శస్త్రచికిత్స చేస్తాడు! నటుల ప్రతిభ మీద నాకు వ్యాఖ్య లేదు. మద్యం మాత్రం కుంగుబాటును పెంచే పదార్థం. నిద్రను చెడగొడుతుంది, తొందరపాటును పెంచుతుంది. "పాపం బాధలో ఉన్నాడు, తాగనీ" అనే మేనమామలు ఈ వాక్యాన్ని మళ్లీ చదవాలి.

కొడుకు పక్షాన నిలవడమంటే ఆ అమ్మాయి వెంటపడడానికి తోడు వెళ్లడం కాదని కూడా చెప్పాలి. ఆమె కాలేజీ దగ్గర కాపు కాయడం, ఫోటోలు పంచుతానని బెదిరించడం, ఆమె ఇంటి ముందు గొడవ చేయడం నేరాలు. వద్దన్నా వెంటపడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద శిక్షార్హం. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, వారిలో ఒకరు మరణించారు. "మావోడికేటి తక్కువ?" అన్న ఇంటిమాట కొడుకు చెవిలో ఏ రూపం దాలుస్తుందో తండ్రి ఊహించలేడు. ఆ అమ్మాయి వద్దనుకుంది, అది ఆమె హక్కు, నీ బాధ మాత్రం నిజం: ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగిన తండ్రి ఇంట్లో ఉన్న వైద్యుడితో సమానం.

మరి ఏం చేయాలి? నన్ను అడిగితే, మన ఊళ్లలో చావింటికి మనం వెళ్లే తీరు చూడమంటాను. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కింటివారు అన్నం పంపుతారు. బంధువులు వచ్చి కూర్చుంటారు. మాట్లాడితే మాట్లాడతారు, లేకపోతే ఊరికే కూర్చుంటారు. పోయిన మనిషి మంచివాడు కాదని, అంతకన్నా మంచివాడు దొరుకుతాడని ఎవరూ అనరు. ఎన్నాళ్లు ఏడవాలో, ఏ రోజున స్నానం చేయాలో, ఎప్పుడు పనిలోకి వెళ్లాలో ఒక క్రమం ఉంది. మనిషి బతికుండగానే దూరమైతే మనకు ఆ క్రమం తెలియదు. ఓదార్పు బదులు విచారణ మొదలవుతుంది: ఏ కులం, ఎంతకాలంగా, ఎంతవరకు వెళ్లింది? ఆఖరి ప్రశ్న తల్లులు అడిగే తీరును నేను ఆసుపత్రి వరండాలో విన్నాను. అది విన్న పిల్ల మరి నోరు విప్పదు.

కాబట్టి పదిమంది వద్దు, ఒక్కరు చాలు. అధికారం తక్కువ, చనువు ఎక్కువ ఉన్నవారైతే మేలు. మన ఇళ్లలో ఆ పని అప్ప బాగా చేస్తుంది, పిన్ని కూడా. పూటకు నాలుగు ముద్దలైనా తినిపించడం, రాత్రి ఒకే గదిలో పడుకోవడం, పొద్దున్న ఎండలో కాస్త నడిపించడం. తీర్పులు చెప్పకుండా, ఎదురు ప్రశ్నలు వేయకుండా అదే కథ ఇరవైసార్లు వినడం. ఇది కష్టమైన పని, విసుగు పుడుతుంది. ఫోను లాక్కోవద్దు. స్నేహితులతో ఉన్న దారి కూడా దానితోనే మూసుకుపోతుంది. పాత సందేశాలు చూడడం మానడం, ఆ నంబరును అడ్డుకోవడం ఆ పిల్ల స్వయంగా నిర్ణయించుకోవాలి. మీరు పక్కన ఉండండి, చాలు.

మన పిల్లలు ఇప్పుడు మన కళ్ల ముందు లేరు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో, అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాల్లో, హైదరాబాదు, చెన్నై హాస్టళ్లలో ఉన్నారు. ఫోనులో గొంతు మారిందని, డ్యూటీకి వెళ్లడం లేదని తెలిస్తే "ఇంటికొచ్చీ" అని గద్దించడం కన్నా, ఎవరైనా ఒకరు రైలెక్కి వెళ్లడం మంచిది. వెళ్లినవారు కారణం అడగకుండా రెండు రోజులు ఉంటే కారణం దానంతట అదే వస్తుంది.

ఏడుపు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదటి వారాల్లో సహజమే, వాటికి మాత్రలు అక్కరలేదు. డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో నిద్రమాత్రలు కొని తెచ్చి ఇవ్వడం మాత్రం చేయకండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకుండా రోజంతా ఉండడం, స్నానపానాలు మానడం, తాను పనికిరానివాణ్ణని పదేపదే అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, చావు ఊసు ఎత్తడం కనిపిస్తే మానసిక వైద్యుణ్ణి కలవాలి. చావు ఊసు వచ్చిందా, రెండు వారాలు ఆగవద్దు, ఆరోజే. అనుమానం ఉంటే నేరుగా అడగండి: "బతకాలని లేదా అమ్మా? సచ్చిపోవాలనిపిస్తందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు ఊపిరి పీల్చుకుని ఏడ్చినవారే ఎక్కువ.

ఆ రోజుల్లో ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండకూడదు. చేలో కొట్టగా మిగిలినది మంచం కిందో, ధాన్యం గదిలోనో పెట్టే అలవాటు మనది. దాన్ని తీసి వేరేచోట తాళం వేయండి. తాతగారి బీపీ, షుగరు మాత్రలు కూడా ఎవరి దగ్గరైనా ఉంచండి. ఆ ఆలోచన తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం దక్కుతుంది. శ్రీలంకలో అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 తరువాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రేమ వ్యవహారాలు కారణమని నమోదైనవి 4.5 శాతం, కుటుంబ సమస్యలు 31.7 శాతం. ఒక మనిషి చావుకు ఒకే కారణం రాయడం పోలీసు పత్రానికి వీలవుతుంది, వైద్యుడికి అంత సులువు కాదు. ప్రేమ చెడిన పిల్ల ఇంట్లో తిట్లు తిని చనిపోతే ఏ గడిలో వేశారో మనకు తెలియదు. అయినా ఆ రెండో అంకెను చూసి ఇంటిపెద్దలు కాసేపు ఆలోచించాలని నా కోరిక.

చివరగా పోలీసు భయం. ప్రయత్నించి బతికిన పిల్లను కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చినవారు నా అనుభవంలో ఎందరో. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 115వ సెక్షన్ ప్రకారం అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో అసలు లేదు. ఆసుపత్రిలో మెడికో లీగల్ నమోదు జరుగుతుంది, పోలీసు వచ్చి నాలుగు మాటలు అడగవచ్చు. దానికి భయపడి గంటలు పోగొట్టుకోవద్దు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సలహా అడగవచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అంతదూరం వెళ్లలేనివారికి, నలుగురికీ తెలుస్తుందని జంకేవారికి టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. బాధలో ఉన్నవారే చేయాలన్న నియమం లేదు, అప్ప కూడా చేయవచ్చు. ఆసుపత్రికి వెళ్లే రోజున తోడుగా ఒక్కరే వెళ్లండి. డాక్టరు ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడతానంటే బయట బెంచీ మీద కూర్చోండి.