అన్ని చర్మఛాయలకూ సరిపడే వెలుగు
దేశం నలుమూలల నుంచి ఢిల్లీ ఎయిమ్స్‌కు వచ్చే రోగుల చర్మఛాయలు ఒకేలా ఉండవు. చేతిలో ఇమిడే ఫోటోఅకౌస్టిక్ స్కానర్లకు ఇది అసలైన పరీక్ష.

లేజర్ కాంతి సోకిన రక్తం క్షణమాత్రం వేడెక్కి, వ్యాకోచించి, ధ్వనిని వెలువరిస్తుంది. 1880లో గ్రాహం బెల్ గుర్తించిన ఈ ప్రభావంతోనే స్కానర్ రక్తనాళాలను చూపుతుంది. అయితే చర్మంలోని మెలనిన్ కొంత కాంతిని ముందే పీల్చేస్తుంది. చర్మం నల్లనయ్యే కొద్దీ లోతైన చిత్రం మసకబారుతుంది.

అలాగని కాంతిని ఇష్టమొచ్చినట్లు పెంచలేం. చర్మ భద్రత కోసం దృశ్యకాంతి లేజర్ ఒక్కో పల్స్‌కు చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీజౌళ్లు దాటకూడదు. అందుకే ప్రోబ్ పక్కనుండే ఫైబర్ల కోణాన్ని, కాంతి పరుచుకునే వైశాల్యాన్ని, తరంగదైర్ఘ్యాన్ని మెరుగుపరచాలి. అన్ని ఛాయల చర్మంపై పరీక్షించాకే పరికరాలను ఆమోదించాలి.