బ్యాండంటే పెళ్లి బ్యాండేనా?

"మా ఫ్రెండ్స్ బ్యాండ్ పెట్టారు" అని కోదాడలో మా ఇంట్లో చెప్తే, "పెళ్లికి ఎంత తీసుకుంటరు బిడ్డా?" అని అడిగింది మా అమ్మమ్మ. అందరం నవ్వాం గానీ ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. మన సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా బ్యాండంటే బరాత్ ముందు వాయించే మేళమే. సొంతంగా పాట రాసుకొని, ట్యూన్ కట్టుకొని పాడే నలుగురిని ఏమనాలో మనకింకా అలవాటు కాలేదు.

మొన్న క్లాసులో "చౌరస్తా బ్యాండ్ తెలుసా?" అని అడిగితే నలుగురు చెయ్యెత్తారు. "డీజే టిల్లు పాట?" అనగానే వెనక బెంచీలు పాడటమే మొదలుపెట్టాయి. ఈ రెండింటిలోనూ ఉన్న గొంతు ఒక్కటేనని ఎవరికీ తట్టలేదు.

చౌరస్తా హైదరాబాద్ బ్యాండ్. మన మాటకి రెగ్గే బీట్ కలిపి 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామా' లాంటి పాటలు చేశారు. ఆ రెండోది హాస్టల్లో ఆదివారం సాయంత్రం విని చూడండి, నేను వివరించక్కర్లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపొద్దని చెప్తూ చేసిన పాట ఫోన్లన్నీ తిరిగింది. ఆ తర్వాత రామ్ మిరియాల బ్యాండ్ నుంచి బయటికొచ్చాడు. (ఇంటిపేరు చూసి "మా మిర్యాలగూడ పోరడే" అని మా రూమ్మేట్ ఏడాదిపాటు వాదించాడు. అది వేరే కథ.) 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి', 2022లో 'డీజే టిల్లు', 2023లో 'బలగం'లో మంగ్లితో కలిసి 'ఊరు పల్లెటూరు'. ఇవన్నీ మనకి కంఠతా వచ్చు. చౌరస్తా మిగతావాళ్లతో నడిచింది, కానీ వాళ్లలో ఒక్కడి పేరు చెప్పమంటే మనం నీళ్లు నములుతాం.

సినిమాకి పోవడం తప్పని నేననను. కిరాయి కట్టాలి, గిటార్ తీగలు కొనాలి. నా కోపం మన మీద. సినిమా ముద్ర పడేదాకా పాటని పాటగా లెక్కచెయ్యం.

ఇది కొత్త రోగం కూడా కాదు. 'బండెనక బండి కట్టి' అనగానే 'మా భూమి' సినిమా, తెర మీద గద్దర్ గుర్తొస్తారు. ఆ పాట తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టింది. మన సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ఆ పోరాటం గట్టిగా నడిచిన చోట్లు. పాట కట్టింది బండి యాదగిరి అని చెప్తారు. ఆ పేరు నేను ఇంటర్ అయిపోయాక గానీ వినలేదు.

ఇంగ్లండ్‌లో ఆర్కిటిక్ మంకీస్ మొదటి షో 2003లో షెఫీల్డ్‌లోని ది గ్రేప్స్ అనే చిన్న పబ్బులో జరిగింది. తర్వాత డెమో సీడీలు ఊరికే పంచారు. వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ పేరు లేని రోజుల్లో నిలబడి పాడటానికి ఒక గది దొరికింది. మనకి పబ్బు అక్కర్లేదు, ఉన్నవి ఫంక్షన్ హాళ్లూ కాలేజీ స్టేజీలూ. వాటిలో ఫంక్షన్ హాల్ వాడు సొంత పాటకి కిరాయి తగ్గించడు. ఇక మిగిలింది స్టేజీనే.

అక్కడేం జరుగుతోంది? మొన్నటి ఫెస్ట్ మీటింగ్‌లో డీజేకి డబ్బు ఎంతైనా సరే అన్నారు. మన బ్యాండ్ వాళ్లు అరగంట అడిగితే "సినిమా పాటలైతే ఓకే" అన్నారు. కీబోర్డు అప్పు తెచ్చుకొని, ల్యాబ్ అయ్యాక ఖాళీ క్లాసురూంలో వాచ్‌మన్ తరిమేదాకా ప్రాక్టీస్ చేసేవాళ్లు వాళ్లు. వాళ్లకి రెండే సొంత పాటలున్నాయి. ఒకటి నాకు అస్సలు నచ్చలేదు, వాళ్లకే చెప్పాను. రెండోది హైవే మీద రాత్రి బస్సు కోసం ఎదురుచూసే కుర్రాడి గురించి. సూర్యాపేట బస్టాండులో పదకొండింటికి నిలబడ్డవాళ్లకి ఆ పాట ఎవరిదో తెలుస్తుంది.

కమిటీ వాళ్లు ఇది చదువుతారని తెలుసు. డీజేని ఆపమని అడగట్లేదు, నేనూ ఎగురుతాను. డీజే బాక్సులు సెట్ చేసేలోపు ఆ స్టేజీ ఎలాగూ ఖాళీగా ఉంటుంది. ఆ అరగంట వాళ్లకివ్వండి, సొంత పాటలకే. ముందు వరసలో పదిమందిని కూర్చోబెట్టే పూచీ నాది. అమ్మమ్మని కూడా తీసుకొస్తా.